నేలతల్లి జమాఖర్చులు : ఆల్డో లియొపోల్డు జీవితము

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమున పృథు చక్రవర్తి కథ కలదు. భూదేవి ఓషధులను తనలో దాచుకొనగా ప్రజలు ఆకటితో కుమిలిపోయిరి. పృథువు విల్లెక్కుపెట్టెను. భూమి గోరూపము దాల్చి పరుగెత్తి పరుగెత్తి, తుదకు నిలిచి, తగిన దూడను తగిన పాత్రను సమకూర్చుకొని తన్ను పితుకుకొమ్మని చెప్పెను. మన గ్రంథాలయమున పురాణ కాలక్షేపము వినిన పెద్దలకు ఈ కథ క్రొత్త గాదు. అయినను అందలి దూడ సంగతి మనము అంతగా పట్టించుకొనము. దూడను ఎదుట నిలిపినగాని ఆవు చేపదు. దూడకు విడువక తుదిబొట్టు వరకు పితికిన వానికి మరుసటి యేట పాడియే యుండదు.

ఈ దూడ ధర్మమును తన కాలమునకు, తన దేశమునకు తగిన శాస్త్రభాషలో బోధించిన మహనీయు డొకడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నుండెను. ఆయన పేరు ఆల్డో లియొపోల్డు. పరమపదించి ముప్పాతిక శతాబ్దము దాటినది. ఈ రజతోత్సవ సంచికలో దేశనాయకుల చరిత్రలను, కవుల చరిత్రలను వ్రాయుటకు నాకంటె సమర్థులు కలరు. జీవితమంతయు లెక్కల పుస్తకముల నడుమ గడపినవాడను గనుక, నేలకు జమాఖర్చు వ్రాయబూనిన ఈయన చరిత్రను నేను ఎన్నుకొంటిని.

లియొపోల్డు 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రమున మిసిసిపి నదీతీరమందలి బర్లింగ్‌టన్ పట్టణమున జన్మించెను. తల్లి పేరు క్లారా, తండ్రి పేరు కార్ల్. ఇంటిలో జర్మను భాష మాట్లాడుకొనెడివారు. తండ్రి వ్రాతబల్లలు తయారుచేయు కర్మాగారమునకు అధిపతి. (వ్రాతబల్ల యొద్దనే వెన్ను వంచుకొన్న నాబోంట్లకు ఈ వృత్తి ముచ్చట గొలుపును.) ఆ తండ్రి వేటకాడు. అయినను, గ్రుడ్లు పెట్టుటకై తరలిపోవు వసంతకాలపు బాతులను చట్టము నిషేధింపక పూర్వమే తనంతట తాను కొట్టుట మానెను. కుమారునకు ఈ నియమము పాఠశాల చదువుకంటె ముందుగా అబ్బినది.

ఆయన పుట్టిన నేలను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. అయోవా రాష్ట్రమున ఒకప్పుడు దాదాపు 3 కోట్ల ఎకరములు నిలువెత్తు గడ్డి బీడుగా నుండెను. ఆ గడ్డి బీడును వారు ప్రెయిరీ యందురు. ఆ గడ్డి, దానితో కలిసి పెరుగు పూలమొక్కలు, పైకి ఎంత యెదుగునో అంతకు మించి నేలలోనికి దిగును. ఏటేట వేళ్లలో కొంత భాగము చివికి మన్నులో కలియును. ఇట్లు వేల సంవత్సరములు జరుగగా ఏర్పడినది ఆ నల్లని మన్ను. చూపునకు మన నల్లరేగడి వలె నుండును గాని పుట్టుక వేరు. మనది రాతి చలువ, వారిది గడ్డి చలువ. 1837లో ఇల్లినాయి రాష్ట్రమున జాన్ డీర్ అను కమ్మరి నునుపైన ఉక్కు నాగలిని చేసెను. అంతవరకు ఆ జిగట మన్ను నాగలికి అంటుకొని కదలనిచ్చెడిది కాదు. ఆ తరువాత రెండు మూడు తరములలో ప్రెయిరీ అంతయు గోధుమచేలుగను, మొక్కజొన్నచేలుగను మారెను. నేడు అయోవాలో మిగిలినది వేయింట ఒక వంతు కూడ కాదు. అనగా, లియొపోల్డు బాలుడై యున్ననాటికే ఆవును పితుకుట ముగింపునకు వచ్చినది. దూడ జాడ లేదు.

యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి 1909లో పట్టము పొంది, ఆ యేడే ప్రభుత్వ అటవీశాఖలో చేరి ఆయన అరిజోనా ప్రాంతమునకు పోయెను. అప్పటికి వయస్సు 22. అచట తోటివారితో కలిసి ఒక ఆడ తోడేలును, దాని పిల్లలతో నున్నదానిని, తుపాకితో కాల్చెను. తోడేళ్లు తగ్గినచో జింకలు పెరుగుననియు, తోడేళ్లే లేకున్న వేటగానికి స్వర్గమనియు ఆనాటి వారందరివలె ఆయనయు తలచెను. చావబోవు ఆ మృగము కన్నులలో ఆరిపోవు పచ్చని వెలుగు ఆయన మనస్సున నాటుకొన్నది. కాని దానిని గూర్చి వ్రాయుటకు 35 సంవత్సరములు పట్టినది. అదియు ఒక శిష్యుడు పట్టుపట్టగా 1944లో వ్రాసెను. తోడేళ్లను నిర్మూలించిన కొండలపై జింకలు మితిమీరి పెరిగి, చిగురును బెరడును మేసి, తుదకు తామే ఆకటితో చచ్చుట ఆయన ఈలోపల చూచెను. క్రౌంచ పక్షి పాటు చూచి వాల్మీకి కరిగెను. బాణము వేసినవాడు వేరొకడు. ఇచట వేసినవాడును కరిగినవాడును ఒక్కడే. ఈయన మాటకు బరువు అందువలననే వచ్చినదని నా తలంపు.

1912లో ఎస్టెల్లా బర్గెరె అను కన్యను వివాహమాడెను. ఆమెది న్యూ మెక్సికోలో గొప్ప గొఱ్ఱెల మందలు గల స్పానిషు కుటుంబము. మరుసటి యేట అడవులలో వానకు వడగండ్లకు తడిసి మూత్రపిండముల వ్యాధి తెచ్చుకొని ఆయన ఏడాదిన్నర మంచము పట్టెను. తరువాత కోలుకొని, 1924లో గిలా అడవిలో కొంత భాగమును రోడ్లు వేయక, కలప కొట్టక అట్లే యుంచునట్లు ప్రభుత్వముచే అంగీకరింపజేసెను. అట్టి ఏర్పాటు ఆ దేశమున అదియే మొదటిది. ఆ యేడే విస్కాన్సిన్ రాష్ట్ర రాజధానియగు మాడిసన్ నగరమునకు బదిలీయై, 1928లో ప్రభుత్వోద్యోగమును వీడెను. పిమ్మట మధ్యోత్తర రాష్ట్రములన్నియు తిరిగి వేటజంతువుల లెక్క తీసెను. కంచెల మూలలు, వాగు గట్లు, పొదలు ఎచ్చట దున్నివేసిరో అచ్చట కౌజులు మాయమగుట ఆయన కనిపెట్టెను. 1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము ఆయన కొరకు ఒక ఆచార్య పీఠమును నెలకొల్పెను. అది జంతుశాస్త్రమునకు గాక వ్యవసాయ ఆర్థికశాస్త్ర శాఖకు చెందినదగుట గమనింపదగినది. అడవి జంతువు బ్రదుకవలెనన్న రైతు లెక్కలో దానికి ఒక పద్దుండవలెనని ఆ యేర్పాటులోనే యున్నది.

ఆ సంవత్సరముననే ఆయన జీవితమున ముఖ్యమైన ఘట్టము ఆరంభమైనది. విస్కాన్సిన్ నైఋతి భాగమున కూన్ వ్యాలీ యను కొండలోయ కలదు. రైతులు నిట్టనిలువు వాలులను ఎగువ దిగువలకు దున్నిరి. కొండ అడవులలోనికి ఆవులను తోలిరి. వాన పడినప్పుడెల్ల మన్ను జారి, చేలు గండ్లు పడి, లోయలోని ఏరు బురదతో పూడెను. దేశమున మొట్టమొదటి మన్నుకోత నివారణ ప్రదర్శన క్షేత్రముగా ప్రభుత్వము దీనిని ఎన్నుకొనెను. ఆ శాఖాధిపతి హ్యూ బెన్నెట్. లియొపోల్డు సలహాదారులలో ఒకడు. ఆయన పెద్ద కుమారు లిద్దరును అచట పని చేసిరి. ఏర్పాటు ఇది: రైతు ఐదేండ్లకు ఒడంబడిక వ్రాసి యియ్యవలెను. ప్రభుత్వము కూలీలను, విత్తనములను, సున్నమును, మొక్కలను ఉచితముగా నిచ్చును. వాలున కడ్డముగా మొక్కజొన్న ఒక పట్టీ, లూసర్న్ గడ్డి ఒక పట్టీ వేయవలెను. నిటారు వాలులను అడవికి వదలి ఆవులను తోలరాదు. గండ్లకు అడ్డుకట్టలు వేయవలెను. పక్షులకు తావుగా కొన్ని మూలలు విడువవలెను. మన మెట్టచేలలో వాలున కడ్డముగా గట్టు వేసి దానిపై గడ్డి పెంచు రైతునకు ఇందలి మర్మము విప్పి చెప్పనక్కరలేదు. పరుగెత్తు నీటిని నడిపించుట, నడచు నీటిని ఇంకించుట, ఇంతే.

వందలాది రైతులు చేరిరి. ఐదేండ్లు గడచినవి. అప్పుడు లియొపోల్డునకు ఆశాభంగము కలిగెను. తమకు వెంటనే కంటికి కనబడు లాభము నిచ్చిన పనులనే రైతులు నిలుపుకొనిరి. ఊరందరికి మేలుచేయు పనులు, రైతు సంచిలో రూకగా మారనివి, మెల్లగా జారిపోయెను. 1937లో రాష్ట్ర శాసనసభ, రైతులే తమ నేల వాడకమునకు నియమములు వ్రాసికొనవచ్చునని చట్టము చేసెను. దాదాపు పదేండ్లు గడచినను ఏ జిల్లావారును ఒక్క నియమమైన వ్రాసికొనలేదు. స్వలాభమును మాత్రము చూపి రైతును నేలకాపుగా మార్చలేమనియు, నేలను తన సొత్తుగా గాక తాను కూడ సభ్యుడైన సంఘముగా తలచు ధర్మము మనస్సున పుట్టవలెననియు ఆయన దీనినుండి నిశ్చయించెను. లోకమున ఆయన పేరు నిలిపిన భూధర్మ సిద్ధాంతము ఈ నిరాశలో చాలవరకు పుట్టినదే.

ఇచట ఆ మహనీయునితో నేను కొంత విభేదింపవలసి యున్నది. ఆయన విశ్వవిద్యాలయపు జీతగాడు. బాకీ పత్రముపై వడ్డీ పెరుగుచుండగా, కూతురు పెండ్లి కెదిగియుండగా, పదెకరములలో ఎకరము గడ్డికి విడువుమని రైతునకు ధర్మము చెప్పినచో అతడు తల యూపును గాని విడువడు. దానిని లోభమనరాదు. మరియు కూన్ వ్యాలీ చరిత్ర ఆయన నిరాశతో ముగియలేదు. వాలున కడ్డముగా పట్టీలు వేయుట పంటకు లాభమేనని చూచి రైతులు దానిని విడువలేదు. పొరుగు లోయలకును అది ప్రాకెను. 1999లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము, 1975 మొదలు 1993 వరకు ఆ లోయలో ఏటేట పేరుకొనిన ఒండు, 1930 దశకమున పేరుకొనిన దానిలో నూటికి 6 వంతులు మాత్రమే. ఈ లెక్క చూచియుండినచో ఆయన కొంత ఊరట చెందెడివాడు. ఆయనయు ధర్మపన్నములు మాత్రమే చెప్పి ఊరకుండలేదు. లోకక్షేమమునకై నేలను కాపాడు సొంతదారునకు లోకము ప్రతిఫలమీయవలెనని 1934లోనే వాదించెను. ఈ రెండు వాదములు ఆయనలో తుదివరకు ప్రక్కప్రక్కననే నిలిచినవి. నాకు ఆయన గౌరవపాత్రుడగుట ఈ తెగని పద్దు వలననే.

1934లో మాడిసన్ విశ్వవిద్యాలయమువారు ఒక వృక్షవాటికను ప్రతిష్ఠించిరి. ఇతరులు దేశదేశముల చెట్లను తెచ్చి నాటుకొనగా, ఈ ప్రదేశము తెల్లవారు రాకమునుపు ఎట్లుండెనో అట్లు తిరిగి చేయుదమని లియొపోల్డును, ఆయన మిత్రులును నిర్ణయించిరి. 1935 మొదలు నిరుద్యోగ యువకులచే అడవిమూలల నుండి ప్రెయిరీ గడ్డిని పెళ్లలుగా తెప్పించి పాతచేనిలో నాటించిరి. దున్నిన చేనిని తిరిగి ప్రెయిరీగా మార్చుటకు శాస్త్రజ్ఞులు పూనుకొనిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి. కొంతకాలమునకు, అప్పుడప్పుడు కాల్చినగాని ఆ గడ్డి కలుపును జయింపదని పరీక్షలలో తేలెను. నిప్పు దానికి శత్రువు కాదు, కాపరి.

అదే 1935లో ఆయన విస్కాన్సిన్ నది ఒడ్డున 80 ఎకరముల చచ్చిన పొలము కొనెను. ఇసుక నేల, పూర్వపు రైతు సారమంతయు పిండుకొని పోయియుండెను. మిగిలిన కట్టడము ఒక కోళ్లపాక. దానినే బాగుచేసికొని, భార్యయు ఐదుగురు బిడ్డలును తోడుగా వారాంతములలో వచ్చి మొక్కలు నాటుచుండెను. 1936 నాటి క్షామమున ఆ యేటి దేవదారు మొక్కలు దాదాపు అన్నియు ఎండిపోయెను. మరుసటి వసంతమున మరల నాటిరి. ఇట్లు ఏడాదికేడాది వేలకొలది. గడ్డిపూలలో దిక్సూచి మొక్క యనబడు సిల్ఫియమును త్రవ్వి తెచ్చుటకు యత్నించి, దాని వేరు ఎంత త్రవ్వినను తుద కానరాక, విత్తనములు తెచ్చి చల్లెను. మొలచినవి గాని ఐదేండ్లు గడచినను పూయలేదు. ప్రెయిరీని ఒక్క వేసవిలో చెరుపవచ్చును. పెంచుటకు మాత్రము అది తన కాలమును తాను తీసికొనును. ఒక పల్లె శ్మశానపు మూలలో కొడవలి తగులక మిగిలిన అట్టి మొక్కనే రహదారి పనివారు ఒకనాడు కోసివేయుట చూచి ఆయన వ్రాసిన వ్యాసము, చిన్నదయ్యును, మిక్కిలి హృదయంగమము. దారిన పోవువారిలో తాము పోగొట్టుకొనుచున్నదేమో ఎరిగినవాడు లేకుండుటయే ఆయన బాధ.

1943లో రాష్ట్ర వన్యసంరక్షణ సంఘ సభ్యుడై, జింకల సంఖ్య తగ్గింపవలెనని చెప్పి ప్రజల నిందకు గురియయ్యెను. తన వ్యాసములను గ్రంథముగా కూర్ప యత్నింపగా ప్రకటనకర్తలు కొందరు త్రోసిపుచ్చిరి. 1948 ఏప్రిల్ 14న ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము అంగీకారము తెలిపెను. సరిగా ఏడవనాడు, ఏప్రిల్ 21న, పొరుగువాని పొలమున చెత్తకు పెట్టిన మంట గడ్డికంటి వ్యాపింపగా, భార్యతోడను చిన్నకూతుతోడను ఆర్పబోయి, ఆ మంట ఎదుటనే గుండె ఆగి మరణించెను. వయస్సు 61. గ్రంథమును కుమారుడు లూనా సవరించి ముద్రింపించెను. 1949లో వెలువడిన ఆ 'శాండ్ కౌంటీ ఆల్మనాక్' నేటికి లక్షలకొలది ప్రతులు చెల్లినది.

ఆయన పేరిట 1987లో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రము స్థాపింపబడెను. దాని ఖర్చునకు ఎరువుల మీదను, పురుగుమందుల మీదను వేసిన రుసుములోని భాగమే ఆధారము. ఆ కేంద్రపు సాయము పొందిన పనులలో ఒకటి ప్రెయిరీ పట్టీల పరిశోధన. 2007లో నీల్ స్మిత్ వన్యప్రాణి శరణాలయమున పన్నెండు చిన్న వాలుచేలను తీసికొని, కొన్నింట అంతయు మొక్కజొన్న, సోయాచిక్కుడు వేసిరి. కొన్నింట పదవ వంతు, కొన్నింట ఐదవ వంతు నేలలో స్థానిక గడ్డిని పూలమొక్కలను పట్టీలుగా నాటిరి. పదేండ్ల పిదప, 2017లో ఫలితములు ప్రకటించిరి. చేను వీడిపోవు నీరు నూటికి 37 వంతులు తగ్గెను. పట్టీలున్న చేను 20 రెట్లు ఎక్కువ మన్నును, 4 రెట్లకు మించి భాస్వరమును నిలుపుకొన్నది. పుప్పొడి మోయు కీటకములు మూడున్నర రెట్లు, పక్షిజాతులు రెండు రెట్లు పెరిగెను. పదింట ఒక వంతు విడిచినందుకు పదింట ఒక వంతు ఫలము గాక ఇంత ఫలమేల? ప్రెయిరీ గడ్డి కాడ బిరుసు. జడివానలో పడక నిలిచి నీటిని దువ్వెన వలె వడగట్టును. లోతు వేళ్లు నేలలో దారులు చేసి నీటిని దించును.

ఇక ఖర్చు వైపు. నూరెకరముల చేనిలో పదెకరములు విడిచినచో పదెకరముల పంట పోవును. మిగిలిన తొంబదింటిలో ఎకరపు దిగుబడి తగ్గలేదు. అట్లని పోయినదానిని పూడ్చునంతగా పెరుగనులేదు. విత్తనము, మొదటి యేండ్లలో కలుపు కోయుట, అప్పుడప్పుడు కాల్చుట, ఇవి చిన్న పద్దులు. నేల శిస్తు, అనగా ఆ పదెకరములు కౌలుకిచ్చినచో వచ్చెడి రొక్కము, పెద్ద పద్దు. రైతులు మందు చల్లు యంత్రములను పట్టీల మీదికి పోనీయక జాగ్రత్త పడవలెను. మరియొక పరిమితి: అయోవా చేల అడుగున మురుగు నీటికై గొట్టములు పరచియుందురు. ఆ గొట్టముల వెంట పోవు నత్రజనిని పైనున్న గడ్డి అంతగా ఆపజాలదు.

చిక్కంతయు పద్దు ఎవరి పేర వ్రాయవలె ననుటలో నున్నది. మన్ను నిలిచిన లాభము సొంతదారునిది. కాని అది ఈ యేట కనబడదు, అతని మనుమని నాటికి కనబడును. తేట నీటి లాభము దిగువ పట్టణములది, మిసిసిపి కలియు సముద్రమున చేపలు పట్టువారిది. నష్టము మాత్రము ఈ యేటి నాగలివానిది. అయోవాలో సేద్యపు నేల సగానికి పైగా కౌలు నేల. ఏటేట కౌలు మారు రైతు ఇతరుని మనుమని కొరకు గడ్డి నాటునా?

2017లో రాష్ట్ర శాసనసభ లియొపోల్డు కేంద్రమునకు నిధులు నిలిపివేసెను. పట్టీల ఫలితములు వెలువడినదియు ఆ యేడే. అయినను 2018 నాటి జాతీయ వ్యవసాయ చట్టము, ప్రెయిరీ పట్టీలను ప్రభుత్వము కౌలు చెల్లించి నేలను విశ్రమింపజేయు పథకమున చేర్చెను. 2019 డిసెంబరు మొదలు దరఖాస్తులు తీసికొనిరి. సాగునుండి విడిచిన ఎకరమునకు ప్రభుత్వము ఏటేట కౌలు నిచ్చును. నాటుటకైన ఖర్చులో భాగము భరించును. లియొపోల్డు 1934లో అడిగినది ఇట్టిదే. ఒడంబడికల గడువు 10 మొదలు 15 సంవత్సరములు. తొలినాడు వ్రాసికొన్నవారి గడువు 2030 ప్రాంతమున తీరును. ఆనాడు పట్టీలను దున్నుదురో, కూన్ వ్యాలీ రైతులు అడ్డుపట్టీలను నిలుపుకొన్నట్లు నిలుపుకొందురో ఆ పొలముల లెక్కలలో తేలవలసి యున్నది.